కొసరు పెట్టిన చెయ్యి

శామ్ వాల్టన్ మహాశయా, ముందుగా మీ పొదుపుకు దండం. 1985లో ఫోర్బ్స్ పత్రిక మిమ్మల్ని అమెరికాలోకెల్లా ధనవంతుడని రాసింది. అయినా మీరు వేటకుక్కలను వెనకెక్కించుకుని పాత ఫోర్డ్ పికప్‌లోనే బెంటన్‌విల్ వీధుల్లో తిరిగారు. పని మీద ఊరెళితే హోటల్ గదిలో ఇద్దరేసి సర్దుకున్నారు. డాలరు విలువ అంతగా ఎరిగినవారు గనుకే దాన్ని జీతంగా ఎవరి చేతిలోనూ తేలిగ్గా పెట్టలేదు.

మీ ఉదారతకు రెండో దండం. 1962లో రోజర్స్ అనే ఊళ్లో మొదటి వాల్‌మార్ట్ దుకాణం తెరిచి, అడక్కుండానే కొసరు పెట్టిన షావుకారు మీరు. చిన్న ఊళ్ల ఇల్లాళ్లు నాలుగు డబ్బులు మిగుల్చుకున్నారు, అది నిజం. ఆ కొసరులో కొంత, కౌంటరు వెనక రోజంతా నిలబడ్డ ఆడకూతుళ్ల జీతంలోంచి వచ్చింది, అదీ నిజమే. ఒక్కో దుకాణాన్నీ ఒక్కో చిన్న కంపెనీగా చూపించి, కనీస వేతన చట్టం మాకు వర్తించదన్నారు. కోర్టు ఒప్పుకోలేదు.

మీ మర్యాదకు మూడో దండం. పనివాళ్లను ‘అసోసియేట్లు’ అని పిలిచారు. 1971లో లాభాల్లో వాటా కూడా పెట్టారు. అంత దగ్గరివాళ్లు యూనియన్ పెట్టుకుంటామంటే మాత్రం ఎదురు నిలబడ్డారు.

మీ జ్ఞాపకశక్తికి ఏ దండం పెట్టను? 1945లో మామగారి దగ్గర 20,000 డాలర్లు అప్పు తెచ్చి, న్యూపోర్ట్‌లో తొలి కొట్టు పెట్టారు. లీజు పొడిగింపు షరతు రాయించుకోలేదు. వ్యాపారం పుంజుకున్నాక భవనం యజమాని ఖాళీ చేయమన్నాడు. చెమటోడ్చి నిలబెట్టిన కొట్టు చేజారితే కడుపెలా రగులుతుందో మీకు తెలుసు. తెలిసి కూడా చిన్న ఊళ్లనే వెతుక్కుంటూ వెళ్లారు. ఊరి బయట మీ దీపాలు వెలిగాక, ఎన్నో ఊళ్ల నడివీధిలో బట్టల కొట్టూ, మందుల షాపూ, ఇనప సామాన్ల దుకాణమూ ఒక్కొక్కటే తలుపులు మూసుకున్నాయి.

మొదట్లో జీతాలు సరిగా ఇవ్వలేదని ఆత్మకథలో మీరే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి మనస్ఫూర్తిగా మొక్కుతాను. కానీ ఒప్పుకున్నంత మాత్రాన అప్పు తీరదు. 1953లోనే ఆస్తిలో నలుగురు పిల్లలకూ వాటాలు రాసి, రేపటి ఎస్టేటు పన్ను భారాన్ని ముందే తగ్గించిన ముందుచూపు మీది. అందులో పావువంతు ఆ కౌంటరు వెనక ఆడకూతుళ్ల మీద పెట్టి ఉంటే, దండం పెట్టే ఈ చెయ్యి ఇవాళ లెక్క అడిగేది కాదు.