మూడో యూనిట్‌కు రాయితీ

మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే యాభై వేల డిపాజిట్టు, మగపిల్లవాడు పుడితే ఆవూ దూడా ఇస్తానని విజయనగరం పార్లమెంటు సభ్యుడు మహిళా దినోత్సవం నాడు ప్రకటించడంతో, తల్లి గర్భం ఇంతకాలం పొరపాటున వైద్య ఆరోగ్య శాఖ కింద ఉండిపోయిందనీ, న్యాయంగా అది పరిశ్రమల శాఖకు చెందవలసిందనీ తేలిపోయింది.

2047 నాటికి 2.4 లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ కావాలనుకునే ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్య రేటు, అనగా ఒక స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య, 2019–21 నాటికే 1.7కు దిగజారింది కనుక ఉత్పత్తి పెంచక తప్పదన్నది ఏలికల వాదన. ఉత్పత్తి కావాలంటే ప్రోత్సాహకాలూ ఉండాలి. విశాఖలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు 21 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకే దక్కిన రాష్ట్రంలో గర్భవతిని కూడా సంస్థగా నమోదు చేస్తే, ప్రసూతి సాయం అడిగితే, బ్యాంకు ఖాతాకు ఆధార్ అతకలేదని అంగన్‌వాడీ నుంచి సచివాలయానికీ, సచివాలయం నుంచి బ్యాంకుకూ ఆమె తిరగవలసిన అవసరం ఉండదు. పరిశ్రమలకు అనుమతులిచ్చే సింగిల్ విండో అధికారులే శాలువా పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గడాన్ని వైద్యులు రక్తహీనత అంటారు గానీ, పరిశ్రమల శాఖ దానిని ముడిసరుకు కొరతగా గుర్తించి వెంటనే మంత్రివర్గ ఉపసంఘాన్ని వేస్తుంది. బిడ్డ రెండు కిలోలే తూగితే నాణ్యతా విభాగం సంజాయిషీ అడుగుతుంది. ఏడో నెలలోనూ బురదలో వంగి నాట్లు వేసే కూలి మనిషిని, విలువైన యంత్రం అరిగిపోతుందన్న భయంతోనైనా, ఇంట్లో కూర్చోబెట్టి కూలి డబ్బు చేతికిస్తారు. (ప్రభుత్వోద్యోగినులకు ఎన్ని కాన్పులకైనా ప్రసూతి సెలవు ఇస్తామని ముఖ్యమంత్రి చెప్పారు, నాట్ల కూలికి సెలవు మంజూరు చేసే అధికారి ఎవరో చెప్పలేదు.)

కానీ గర్భవతి సంస్థ కాదు, తల్లి మాత్రమే. అందుకే కేంద్ర ప్రభుత్వ మాతృ వందన యోజన మొదటి కాన్పుకు విడతల వారీగా 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితేనే 6,000 ఇచ్చి ఆగిపోతుంది. ఏలికలు ఊరూరా అడుగుతున్న ఆ మూడో బిడ్డకు ఈ పథకంలో ఒక్క రూపాయి లేదు. ప్రభుత్వోద్యోగినుల వంటి కొందరు మినహా ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు చెల్లించాలని 2013లోనే జాతీయ ఆహార భద్రతా చట్టం శాసించింది. ఆ హక్కును ఢిల్లీ పథకం పేరుతో కత్తిరించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి, ఆరు నెలలు నిండిన ఐదేళ్లలోపు పిల్లలలో 63 మందికి రక్తహీనత ఉంది. మానవ మూలధనం, అంటే మనుషుల్లోని నేర్చే శక్తీ పనిచేసే సత్తువా, తల్లి కడుపులోనే మొదలవుతుంది. రెండేళ్లలోపు కుంగిన ఎదుగుదల ఆ తర్వాత చాలావరకు పూడదు, దాని నష్టం బడిలో చదువు మీదా, పెద్దయ్యాక సంపాదన మీదా పడుతుంది. పుట్టిన పిల్లలకే రక్తం చాలని చోట, మొదటి కాన్పుకు చట్టం రాసిన ఆరు వేలు కూడా పూర్తిగా ఇవ్వని పాలకులు మూడో బిడ్డను కనమనడం సిగ్గుమాలిన పని.