బ్రాకెట్లు లెక్కపెట్టిన రోజులు

నైక్విస్ట్ అని సంగీతానికి ఒక కంప్యూటర్ భాష ఉంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోజర్ డానెన్‌బర్గ్ తయారుచేసిన లిస్పు జాతి భాష. ఉచితంగా దింపుకోవచ్చు. ‘(ప్లే (ఆస్క్ 60))’ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఒక సెకను పాటు షడ్జం మోగుతుంది. ఈ కాలం పిల్లలు ఆ సెకను ఆగడానికి కూడా విసుక్కుంటారు.

మా రోజుల్లో ఆ సెకను వెనక ఎంత చాకిరీ ఉండేదో వీళ్ళకేం తెలుసు! నేను అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న ఎనభైల చివరి మాట. సీడీ నాణ్యత కావాలంటే సెకను ధ్వనికి 44,100 అంకెలు. నిమిషం స్టీరియోకి 52,92,000. అవన్నీ ల్యాబ్‌లో అందరూ వంతులేసుకుని వాడుకునే మిషనే లెక్కకట్టాలి. సాయంత్రం ఫైలు అప్పజెప్పి వెళితే పొద్దున్నకి పాట. ఎక్కడో ఒక బ్రాకెట్ తగ్గిందా, పాట లేదు, తెరమీద ఒక తిట్టు ఉండేది. మా ముందువాళ్ళకైతే మేమే సుకుమారులం. 1957లో బెల్ ల్యాబ్స్ మాక్స్ మాథ్యూస్ తన మొదటి సంగీత ప్రోగ్రాముని న్యూయార్క్‌లో ఐబీఎం 704 మీద నడిపి, టేపు పట్టుకుని న్యూజెర్సీకి తిరిగొస్తేగానీ శబ్దం వినపడేది కాదు. సరే, ఆ లెక్కన నేనూ గారాబంగా పెరిగినవాణ్ణే.

రాత్రంతా ఏం చేసేవాళ్ళమంటారా? పాడుకునేవాళ్ళం. ఇంకేం పని? రాసిన ప్రోగ్రాం సరైనదో కాదో తేల్చుకోవడానికి గొంతు తప్ప దారి లేదు. నేను లిస్పు పట్టుకున్నది సరళీ వరుసలతోనే. మాయామాళవగౌళ అంటే స్వరానికో అంకె చొప్పున ఒక లిస్టు: 60 61 64 65 67 68 71 72. ‘రివర్స్’ అంటే అవరోహణ వచ్చేసింది. ఒక్కో అంకెని రెండుసార్లు వేసే చిన్న ఫంక్షన్ రాస్తే జంట వరుస. స్వరాల వరుసా లిస్టే, దాన్ని తిప్పే ప్రోగ్రామూ లిస్టే. 1958లో మెకార్తీ లిస్పు మొదలుపెట్టింది సంగీతం కోసం కాకపోయినా, మన అలంకారాలు చెప్పుకోవడానికి అంతకంటే ఒద్దికైన భాష నాకు దొరకలేదు.

అంకెలు అంకెల్లాగే మోగేవి, అది వేరే బాధ. 61 దగ్గర రిషభం హార్మోనియం మెట్టు మీద కూర్చున్నట్టు కదలకుండా ఉండేది. దానికి గమకం తేవాలంటే స్వరం ఎక్కడ బయలుదేరి, ఎంత ఊగి, ఎన్ని మిల్లీసెకన్లలో ఎక్కడికి చేరుతుందో ఒంపు మొత్తం చేత్తో రాయాలి. గురువుగారి దగ్గర ఊరికే వచ్చేసిన రిషభాన్ని అప్పుడు గ్రాఫు కాగితం మీద మళ్ళీ నేర్చుకున్నాను.

ఇప్పుడో? ఏం తోచకపోతే ‘రాండమ్’. హైన్రిక్ టాబే ‘కామన్ మ్యూజిక్’లో ‘హీప్’ అని ఒక పద్ధతి ఉంది. స్వరాలని కలిపేస్తుంది గానీ, అన్నిటికీ వంతు వచ్చేదాకా ఏ స్వరాన్నీ రెండోసారి ఇవ్వదు. రాండమ్ అయితే ఒకే స్వరాన్ని మూడుసార్లు మొహాన కొట్టినా కొడుతుంది. ఈ తేడా చెవికి తెలియాలి కదా! అడిగితే “వైబ్ బాగుంది అంకుల్” అంటారు.

అందరినీ ఒకే గాటన కట్టను. వేదికెక్కి, పాట మోగుతుండగానే ఫంక్షన్లు మార్చే లైవ్ కోడింగ్ వాళ్ళున్నారు. ఆస్ట్రేలియా ఆండ్రూ సోరెన్సన్ తన ఎక్స్‌టెంపోర్ ప్రోగ్రాంలో లిస్పు జాతిదే అయిన స్కీమ్ భాష రాస్తూ వాయిస్తాడు. తప్పు దొర్లితే సభలోనే దొర్లుతుంది. దానికి గుండె కావాలి. నాకు లేదు.

నా ఫిర్యాదల్లా మా అన్నయ్య మనవరాలి లాంటి వాళ్ళ మీద. బ్రాకెట్లు ఎడిటర్ చూసుకుంటుంది, ప్రోగ్రాం ఏఐ రాసిపెడుతుంది, తను ‘ప్లే’ నొక్కుతుంది. మొన్న బిలహరి చేశానని ఫైలు పంపింది. ఆరోహణ 60 62 64 67 69 72, దివ్యంగా ఉంది. అవరోహణకి అదే లిస్టు మీద ‘రివర్స్’. బిలహరి దిగేటప్పుడు ఏడు స్వరాలూ కావాలి. ఎక్కేటప్పుడు వదిలేసిన నిషాదం, మధ్యమం అక్కడ తప్పనిసరి. అవి లేకుండా ఎక్కిన మెట్లే దిగితే మిగిలేది మోహనం. ఒక్కసారి నోటితో పాడుకుని ఉంటే, గొంతు తనంతట తనే నిషాదం మీద ఆగేది కదా! నేను ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, “బానే ఉంది కదా తాతయ్యా వినడానికి!” అంది.

బానే ఉంటుందమ్మా. మోహనం ఎప్పుడు బాలేదు గనక!