గంగిరెద్దుల సర్వే

సంక్రాంతి నెలలో మా వీధిలోకి గంగిరెద్దుల ఆయన వస్తాడు. "అయ్యగారు పాత పంచె ఇస్తారా?" అంటాడు, ఎద్దు తలూపుతుంది. "అమ్మగారు చీర పెడతారా?" అంటాడు, మళ్ళీ ఊపుతుంది. దానికి పంచె సంగతీ తెలీదు, చీర సంగతీ తెలీదు. ముకుతాడు ఎటు లాగితే తల అటు. ఈ విద్యకే ఇప్పుడు హైదరాబాద్‌లో యూజర్ రీసెర్చ్ అని పేరు పెట్టారు. ముకుతాడు స్థానంలో ప్రశ్న వచ్చింది. సన్నాయి పోయి ఏసీ వచ్చింది.

ఆమధ్య నేనూ ఆ ఎద్దునయ్యాను. బిల్లులు కట్టే యాప్ ఒకటి తయారవుతోందట, అరవై దాటినవాళ్ళ అభిప్రాయం కావాలట. తెలిసినవాళ్ళ అబ్బాయి బతిమాలితే వెళ్ళాను. మాదాపూర్‌లో అద్దాల మేడ, తొమ్మిదో అంతస్తు. ఎదురుగా మెడలో ట్యాగు వేసుకున్న అమ్మాయి, బల్ల మీద టీ, టీ పక్కన వెయ్యి రూపాయల గిఫ్ట్ కార్డు. కార్డు నాకు కనబడేట్టే పెట్టారు.

"సర్, మా యాప్ మీకు ఎంత సులువుగా అనిపించింది?"

సులువా కాదా అన్నది వాళ్ళే తేల్చేసుకున్నారు. ఎంత అన్నదొక్కటే నాకు వదిలారు. కాగితం మీద నాలుగు గడులున్నాయి: అద్భుతం, చాలా సులువు, సులువు, ఫరవాలేదు. కష్టం అనే గడి లేదు. "చాలా సులువుగా ఉందమ్మా" అన్నాను. మా మనవరాలి ఈడు పిల్ల. పైగా టీ తాగేశాను.

"గడువు తేదీ ముందుగా గుర్తుచేసే సదుపాయం పెడితే వాడతారా సర్?"

"తప్పకుండా."

వాడతాననడానికి నాదేం పోయింది? రేపట్నుంచి పొద్దున్నే నడకకి వెళ్తానని మా ఆవిడకి పదకొండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. ఆవిడ నయం, "నిన్న వెళ్ళారా?" అని అడుగుతుంది.

"పోయిన నెల కరెంటు బిల్లు ఎలా కట్టారు సర్?" అని ఆ గంటన్నరలో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. బిల్లు మీద రెండు రకాల సర్వీసు నంబర్లుంటాయి, ఏది కొట్టాలో నాకు తెలీదు. ఒకసారి ఏదో కొడితే వేరెవరి పేరో వచ్చింది. హడలిపోయి ఫోను మా ఆవిడ చేతిలో పెట్టేశాను. అప్పట్నుంచి బిల్లు ఫొటో తీసి విజయవాడలో ఉన్న మేనల్లుడికి వాట్సాప్ చేస్తున్నాను, వాడు కడుతున్నాడు. గుర్తుచేయాలంటే వాడికి గుర్తుచేయాలి. లిఫ్టు దాకా సాగనంపుతూ ఆ అమ్మాయి మాటవరసకి "ఇంట్లో బిల్లులన్నీ మీరే చూసుకుంటారా అంకుల్?" అంది. ఆ పూటకి అదొక్కటే ప్రశ్న. నేను నోరు తెరిచేలోపు లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ఆ పిల్లని అనుకుని లాభం లేదు. యాప్ అప్పటికే తయారైపోయింది, విడుదల తేదీ ఖాయమైపోయింది, "వినియోగదారులు మెచ్చారు" అన్న స్లైడు ఒక్కటే ఖాళీగా ఉంది. శుభలేఖలు పంచేశాక పెళ్ళికూతుర్ని "అబ్బాయి నచ్చాడా?" అని అడగడం లాంటిదిది.

ప్రశ్నలోని మాట జవాబుని ఎలా తోస్తుందో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లోనే చూపించారు. అందరికీ అవే కారు ప్రమాదాల ఫిల్ములు వేశారు. కార్లు ఒకదానికొకటి "తాకినప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని కొందరిని అడిగితే సగటున గంటకి 31.8 మైళ్ళన్నారు. "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని అడిగితే 40.8 అయింది. ఒక్క క్రియాపదానికి 9 మైళ్ళు. మన సర్వేల్లో "మా అద్భుతమైన సేవ" అన్న విశేషణం ఎన్ని మైళ్ళు తోస్తుందో మరి!

ఇక మార్కుల పిచ్చి. ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే ఆయన 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాసి కంపెనీలకి ఒక తారకమంత్రం ఉపదేశించాడు: మమ్మల్ని మీ స్నేహితులకి సిఫారసు చేస్తారా, 0 నుంచి 10 దాకా ఎంత? 9, 10 ఇచ్చినవాళ్ళు ఆప్తులు. 7, 8 లెక్కలోకి రారు. 6, ఆ దిగువ ఇచ్చినవాళ్ళు విరోధులు. నూటికి అరవై వస్తే ఫస్టు క్లాసని వీధంతా మిఠాయి పంచిన తరం మాది. మేం మనసారా ఆరిస్తే విరోధుల పద్దులో రాసుకుంటారు. అందుకే స్కూటరు సర్వీసింగుకిచ్చినప్పుడు కుర్రాడు తాళం చేతిలో పెడుతూ అన్నాడు, "సార్, కంపెనీ నుంచి ఫోనొస్తుంది. పదికి పది చెప్పండి సార్. తొమ్మిదన్నా నా ఇన్సెంటివ్ పోద్ది." బ్రేకు ఇంకా కీచుమంటూనే ఉంది. పదన్నాను. నా పది ఇప్పుడు ఏ మీటింగు గదిలోనో తెర మీద పచ్చగా వెలుగుతూ ఉంటుంది.

జనం ఎక్కువైనంత మాత్రాన ప్రశ్న బాగుపడదు. కోకాకోలా వాళ్ళు దాదాపు 2 లక్షల మందికి గుక్కెడు గుక్కెడు తాగించి, కొత్త రుచే బాగుందనిపించుకుని, 1985 ఏప్రిల్ 23న పాతదాన్ని పక్కనబెట్టి కొత్తది దింపారు. గుక్క తాగినవాళ్ళని ఏది బాగుందని అడిగారే గానీ, ఇక మీదట పాతది దొరకదని చెప్పలేదు. అమెరికా అంతా గగ్గోలు. 79 రోజులకి, జులై 11న, పాతది మళ్ళీ తెస్తామని ప్రకటించారు.

మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి వండే వంటాయన ఒకడుండేవాడు. ఆడపిల్ల తండ్రి చేతులు కడుక్కునే చోట నిలబడి "భోజనం ఎలా ఉందండీ?" అంటుంటే, వచ్చినవాళ్ళంతా "దివ్యంగా ఉంది బావగారూ" అని తాంబూలం పుచ్చుకునేవారు. వంటాయన అటు చూసేవాడే కాదు. దొడ్లో పారేసిన విస్తళ్ళ దగ్గరికెళ్ళి వంగి చూసేవాడు. పనసపొట్టు కూర ఎన్ని ఆకుల్లో మిగిలింది, బూరెలు సగం కొరికి వదిలేశారా. "ఆవ ఎక్కువైందిరా" అని గొణుక్కుని రాత్రి వంటకి తగ్గించేవాడు.

ఆ యాప్ పోయిన నెల విడుదలైంది. తెరవగానే ఒక గడి అడ్డొచ్చింది: "మా యాప్ మీకు ఎంతగా నచ్చింది?" కింద ఐదు నక్షత్రాలు. నేనింకా లోపలికే వెళ్ళలేదు. ఐదూ నొక్కాను. ఈ నెల బిల్లు కూడా మేనల్లుడే కట్టాడు.