ఏం దేవులాడుతున్నరు సారూ?

ఏం పోలేదండీ. ఉంగరం వేలికే ఉంది, తాళంచెవి నడుముకే ఉంది, సెల్లు జేబులోనే మోగుతోంది. మనిషన్నవాడు పొద్దున్నే కాలనీ పార్కులో గోరింటాకు పొద కింద మోకాళ్ళ మీద కనిపిస్తే ఏదో పారేసుకుని ఉండాలని మనవాళ్ళకి ఎవరు నేర్పారో గాని, వాకింగుకి వచ్చే ప్రతివాళ్ళూ అదే అడుగుతున్నారు. అడిగి ఊరుకుంటే గొడవే లేదు. "ఎక్కడ పడింది? బంగారమా?" అంటూ వాళ్ళూ వంగుతారు. పరోపకారం మన రక్తంలోనే ఉంది. ఆ రక్తం వంగేసరికి కొమ్మ కదులుతుంది. కొమ్మ కదిలితే సాలీడు మాయం.

పోనీ "ఫొటో తీస్తున్నానండీ" అన్నామా, ఆ ప్రశ్న చచ్చి ఇంకో మూడు పుడతాయి. దేన్ని? పురుగునా? ఎందుకు? మూడోదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కొంగని తీసేవాణ్ణి ఎవరూ ఎందుకని అడగరు. పులిని తీస్తే పేపర్లో వేస్తారు. నాలుగు మిల్లీమీటర్ల సాలీణ్ణి తీసేవాణ్ణి మాత్రం, పాపం ఇంట్లో ఏమైనా ఇబ్బందులేమో అన్నట్టు చూస్తారు. పార్కు మాలీ ఒక్కడే కాస్త మర్యాదగా, "ఏం దేవులాడుతున్నరు సారూ?" అని, నా జవాబు వినకుండానే మందు కొట్టే పంపు భుజాన వేసుకుని ముందుకు పోతాడు. నేను దేవులాడేదాన్ని చంపడానికే ఆ మందు.

వీళ్ళకి ఎలా చెప్పను? రెండింతల మాగ్నిఫికేషన్‌లో, ఎఫ్/11 దగ్గర, ఫొటోలో స్పష్టంగా వచ్చే మందం దాదాపు అర మిల్లీమీటరు. కన్ను స్పష్టంగా వస్తే కాళ్ళు మసక, కాళ్ళు వస్తే కన్ను మసక. ఆటోఫోకస్ అక్కడ ఎందుకూ పనికిరాదు. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని, ఆ చేతి మీదే లెన్సు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒళ్ళంతా ఒక్క వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ, కన్ను తేటపడిన క్షణాన నొక్కాలి. ట్రైపాడ్ పెట్టుకోవచ్చుగా అనేవాళ్ళుంటారు. పెట్టుకోవచ్చు. దాని మూడు కాళ్ళూ నేను సర్దేలోగా ఎనిమిది కాళ్ళున్నది పక్కింటికి వెళ్ళిపోతుంది.

నా సాలీడు గూడు అల్లి కాచుకు కూర్చునే రకం కాదు. పొంచి, ఎగిరి దూకే రకం. దానికి నాలుగు జతల కళ్ళు. ముందున్న పెద్ద జత కదలదు, కానీ లోపలి రెటీనా మాత్రం చిన్న గొట్టం చివర అటూ ఇటూ తిరుగుతుంది. అంచేత నల్లగా నిగనిగలాడే కన్ను ఉన్నట్టుండి తేనెరంగుకి మారి, మళ్ళీ నలుపెక్కుతుంది. నలుపెక్కిందంటే అది సరిగ్గా మన వైపే చూస్తోందన్నమాట. ఆ చూపు కోసమే ఈ మోకాళ్ళ నొప్పులు.

ఇక్కడ డిఫ్యూజర్ గురించి ఒక్క మాట చెప్పాలి. (ఒక్క మాట అంటే నమ్మకండి.) ఎఫ్/11లో వెలుగు చాలదు కాబట్టి ఫ్లాష్ తప్పదు. ఫ్లాష్ నేరుగా కొడితే సాలీడు కంట్లో తెల్లటి మచ్చ, ఒంటి నిండా మెరుపు మరకలు. వెలుగుని మెత్తబరచడానికి అడ్డంగా తెల్లటిదేదో ఉండాలి. అది బజారులో దొరుకుతుంది. కానీ ఈ విద్యలో దిగినవాడెవడూ కొనడు, కొంటే పరువు తక్కువ. ఎవడి డిఫ్యూజర్ వాడే చేసుకోవాలి. నేను మొదట టిఫిన్ సెంటర్ థర్మోకోల్ ప్లేటుకి చిల్లు పొడిచాను. గాలికి అది ఎగిరిపోయి ఎవరి కారు మీదో వాలింది. ట్రేసింగ్ పేపరు చుట్టాను. తొలకరికి నానిపోయింది. చిప్స్ డబ్బా మంచిదన్నారు. లోపలంతా వెండిరంగు కాబట్టి వెలుగుని గొట్టంలోంచి ముందుకు తోస్తుందట. డబ్బా ఖాళీ చెయ్యడానికి పిల్లలు ఎంతో త్యాగం చేశారు. అడుగున మిగిలిన ఉప్పూకారానికి చీమలు పట్టి, నేను సాలీణ్ణి తీస్తుంటే అవి నన్ను కుట్టాయి. తర్వాత పెరుగు బకెట్ కోశాను. తెలుపులో దానికి సాటి లేదు. ఫొటో పెద్దది చేసి చూసుకుంటే సాలీడు కంట్లో, అద్దంలో లాగా తిరగబడి, "చిక్కటి గేదె పెరుగు" అని అక్షరాలు. ఆఖరికి ఇడ్లీ రేకుల మీద పరిచే గుడ్డ. ఆహా, ఏం వెలుగండీ అది! కాకపోతే ఏళ్ళ తరబడి ఆవిరి తగిలి పసుపెక్కిన గుడ్డ కదా, సాలీడుకి కామెర్లు వచ్చినట్టుంది. మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి "ఏవండీ, ఇడ్లీ గుడ్డ చూశారా?" అని కేక. ఫ్లాషుకి చుట్టి ఉందని చెప్పాల్సి వచ్చింది. ఆ పూట ఉప్మా. మర్నాడూ ఉప్మాయే.

అంత పెద్ద కెమెరా ఉంది కదా అని పక్క ఫ్లాట్ ఆయన మనవరాలి పెళ్ళికి పిలిచాడు. ఫొటోలకన్నమాట. నా దగ్గరున్నది కానన్ వాళ్ళు 1999లో తెచ్చిన ఎంపీ-ఈ 65 ఎం.ఎం. లెన్సు. ఒకటి నుంచి 5 రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది, అంతకంటే తక్కువ చెయ్యలేదు. పూర్తి 5 రెట్లలో ఫ్రేము వెడల్పు ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు. పెళ్ళికూతురి ముక్కుపుడక తీసిపెడతాను తాతగారూ, ముక్కు మాత్రం పట్టదు అన్నాను. ఆయన ఇప్పుడు లిఫ్టులో నన్ను చూస్తే ఫోను తీసి చూసుకుంటున్నాడు.

నిజంగా ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది. లెవన్ బిస్ అనే ఫొటోగ్రాఫర్ 2016లో ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో కీటకాల బొమ్మలు ప్రదర్శించాడు. ఒక్కో బొమ్మ వేల ఫొటోలు కలిపి అతికినది. అవి మ్యూజియంలో దాచిన నమూనాలు, ఎక్కడికీ పోవు. ఆయన ఆ మాట దాచలేదు, ఆ పనికి దండం పెట్టాలి. ఇక్కడ కొందరుంటారు. బతికున్న పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి, కదలలేని స్థితిలో తీరిగ్గా ఇరవై ముప్ఫై ఫొటోలు తీసి అతికి, కింద "అడవిలో, చేతిలో కెమెరాతో" అని రాస్తారు. పోటీలో బహుమతి వాళ్ళకే. నా సాలీడు కుడి కాలు కాస్త మసకగా ఉందని తీర్పరి గారి అభిప్రాయం. ఉంటుందండీ. అది అప్పుడు బతికే ఉంది, ఆ కాలు కదుపుతోంది.

ఆ మధ్య కొమ్మ ఊగుతోందని గాలిని తిట్టుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. ఒక్క ఆకూ కదలడం లేదు. లెన్సు పెద్దది చేసేది సాలీణ్ణి ఒక్కదాన్నే కాదు కదా, పట్టుకున్న చేతిని కూడా. వయసుతో వచ్చేదే, భయం లేదన్నాడు డాక్టరు. మా నాన్న ఆఖరి రోజుల్లో కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. అమ్మ గ్లాసు సగమే నింపేది. ఇంట్లో అంతమందిమి ఉన్నాం, ఎందుకని ఎవరమూ అడగలేదు.

సరే, ఆషాఢం వచ్చింది. గోరింటాకు పొద మీద ఆడవాళ్ళ దండయాత్ర మొదలైంది, సాలీడు కింది కొమ్మలకి దిగింది, నేను ఇంకా కిందికి దిగాను. ఆరుద్ర కార్తె వానలకి పొద మొదట్లో తడిమట్టి చీల్చుకుని ఆరుద్ర పురుగులు పైకొచ్చాయి. ఆ మఖమలు ఎరుపు కెమెరాకి ఓ పట్టాన లొంగదు. వెలుగు కాస్త ఎక్కువైతే నూగంతా పోయి ఒట్టి ఎర్రముద్ద మిగులుతుంది. నేను ఆ లెక్కల్లో ఉండగా ఒక పెద్దాయన వచ్చి "ఏం పోయింది నాయనా?" అన్నాడు. విసుగులో నోటికొచ్చింది అనేశాను.

"మొక్కండీ. మోకాళ్ళ మీద."

ఆయన చెప్పులు విడిచాడు. "అమ్మవారికా? ఆషాఢమే కదా, మంచిది" అని దూరంగా తప్పుకుని నడిచాడు. ఇన్నాళ్ళలో నాకు అంత ప్రశాంతంగా ఏ ఉదయమూ గడవలేదు. నా వెనక నడిచేవాళ్ళు గొంతు తగ్గించారు. ఆకు కోసే ఆడవాళ్ళు ఆ వైపు కొమ్మ వదిలేశారు. వారం తిరగకుండా పొద మొదట్లో పసుపూ కుంకుమా. మాలీ మందు పంపుతో వచ్చి, చూసి, దండం పెట్టుకుని పక్కకి తిరిగిపోయాడు. అగరొత్తుల పొగకి సాలీడు రెండు రోజులు అలిగింది గాని, నైవేద్యం బెల్లానికి చీమలు రావడంతో చిన్న పురుగులకి కొదవ లేకుండా పోయింది.

నిన్న సాయంత్రం అసోసియేషన్ వాళ్ళు నలుగురు ఇంటికొచ్చారు. బోనాల నాటికి పొద చుట్టూ ఆ బురద మట్టి తీయించి, చక్కగా గ్రానైట్ టైల్స్ వేయించి, చిన్న గట్టు కట్టిద్దామని తీర్మానించారట. మా ఆవిడ లోపల్నుంచి కాఫీలు తెచ్చింది. నేను నోరు తెరిచేలోగా సెక్రటరీ రసీదు చింపి చేతిలో పెట్టాడు. చందాల పుస్తకంలో మొదటి పేరు నాదే రాశారు.