తుపాకీకి కాపలా
ఇంటి రక్షణకు ఏ తుపాకీ కొనాలా అని పెద్దమనుషుల తర్జనభర్జన. కాన్పూర్ .32 రివాల్వరా, డబుల్ బ్యారెలా? మనిషికి మూడు తుపాకులన్న పరిమితిని ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ రెండుకు కుదించింది కదా, ఎంపిక మరీ కష్టమైపోయింది పాపం! ముందు ప్రాణభయం ఉందని అధికారులను నమ్మించాలి. (భయం లేకున్నా పలుకుబడి ఉంటే చాలంటారు గిట్టనివాళ్లు.) తీరా కొన్నాక, లోడ్ చేసి దిండు కింద పెడితే పిల్లలతో ప్రమాదం, బీరువాలో పెట్టి తాళమేస్తే దొంగొచ్చిన వేళ తాళంచెవి వెతుకులాట. ఇంతలో ఎన్నికల కోడ్! తుపాకీ స్టేషన్‌లో అప్పగించండని కబురు. ఇంటికి తుపాకీ కాపలా, తుపాకీకి పోలీసు కాపలా. పంచాయతీ నుంచి లోక్‌సభ దాకా మన దగ్గర ఎన్నికలకు కొదవా? కొనేముందు స్టేషన్ ఎంత దూరమో చూసుకోండి సార్!