ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఆ సాయంత్రం మాట్లాడిన కుర్రాడికి డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ జూనియర్ అంటే ప్రాణం. సినిమా ఇష్టమున్న పిల్లలు కొందరు పోగై, తలా ఒక నటుడి గురించి చెప్పుకునే అలవాటు అక్కడ. మల్కాజ్‌గిరి నుంచి లాలాపేట మీదుగా స్కూటర్ వేసుకుని ఒక రిటైర్డ్ లెక్చరర్ కూడా వస్తుంటారు. అందరికీ ఆయన 'సార్'. ఆయన వెనకాల కూర్చుని నేనూ వెళ్లాను.

కుర్రాడు నిజంగా బాగా చెప్పాడు. మూకీల కాలంలో అమెరికాని ఊపేసిన డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ కొడుకు. 1909 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో పుట్టాడు. 1923లో, పదమూడేళ్లకే మూకీ సినిమాలో వేషం. మొదటి అవకాశం తండ్రి పేరు వల్లే వచ్చింది గానీ ఆ పేరే తర్వాత బరువైంది. ఏం చేసినా తండ్రితో పోల్చేవాళ్లు. టాకీలు రాగానే ఎందరో మూకీ నటులు మూలనపడ్డారు, ఈయన నిలిచాడు. 1931లో 'లిటిల్ సీజర్', 1939లో 'గంగా దిన్', 1947లో 'సింద్‌బాద్ ద సెయిలర్'. మధ్యలో ప్రపంచయుద్ధం వస్తే అమెరికా నౌకాదళంలో పనిచేశాడు. 1937 నాటి 'ప్రిజనర్ ఆఫ్ జెండా'లో విలన్ రూపర్ట్ నవ్వుతూ కత్తి తిప్పే ఘట్టం దగ్గర కుర్రాడు లేచి నిలబడి, చేతిలో స్కేలు పట్టుకుని ఆడి చూపించాడు. 2000 మే నెలలో తొంభై ఏళ్లకి పోయాడని చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది. తను పుట్టకముందే వెళ్లిపోయిన మనిషి కోసం ఆ పిల్లవాడు అట్లా కదిలిపోవడం నాకెంతో నచ్చింది. కళ మీద ప్రేమంటే అదే.

అందరం చప్పట్లు కొట్టాం. తార్నాక చౌరస్తా దాకా నడిచి చాయ్‌కి కూర్చున్నాం. శనివారం రవీంద్రభారతిలో కొత్త దర్శకుల షార్ట్ ఫిల్ములు వేస్తున్నారని, వాళ్లు వారం వారం వెళ్తారని చెప్పి సార్‌ని కూడా రమ్మన్నారు. "వస్త తియ్యుండ్రి" అంటూ ఆయన చొక్కా జేబులోంచి ఒక బొమ్మ తీసి బల్ల మీద పెట్టారు. పాత పత్రికలోంచి కత్తిరించింది. కోటు, సన్నటి మీసం, ఎగదువ్విన జుట్టు, కసరత్తు చేసిన భుజాలు.

"ఈయన గూడ 1909లనే పుట్టిండు, 2000లనే పోయిండు. మూకీలల్ల మొదలువెట్టి టాకీలల్ల నిలవడ్డడు. గుర్రం స్వారీ, కత్తియుద్ధం అంటే ఈయనే. ఎవరో చెప్పుండ్రి."

"ఫెయిర్‌బ్యాంక్సే కద సార్!"

"కాదు బిడ్డా. ఈయన పుట్టింది సెప్టెంబర్‌ల, పోయింది ఆగస్టుల."

ఒకడు ఎరాల్ ఫ్లిన్ అన్నాడు. ఫ్లిన్ 1959లోనే పోయాడని పక్కవాడే కొట్టిపారేశాడు. క్లార్క్ గేబుల్ పేరొచ్చింది, అదీ నిలవలేదు.

"నటించుడే కాదు, డైరెక్షన్ చేసిండు, సొంతంగ సినిమా గూడ తీసిండు. ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ సినిమాల ఉన్నడు, ఎంజీఎం సినిమాల ఉన్నడు."

"అయితే పక్కా హాలీవుడ్డే సార్" అంటూ ఫోన్లు తీశారు. సార్ చెయ్యి అడ్డం పెట్టారు.

"కరీంనగర్ బిడ్డ. మన నిజాం కాలేజ్‌ల చదివిండు. మీరు ఇందాక కూసున్న ఆర్ట్స్ కాలేజ్ బిల్డింగ్ 1939ల తెరిచిండ్రు. అప్పటికే ఈయన తెరమీదికెక్కి పదేండ్లు."

ఎవరూ మాట్లాడలేదు. సార్ మెల్లగా చెప్పుకుంటూ పోయారు. ఇరవై ఏళ్ల వయసులో, 1929లో, బొంబాయి వెళ్లాడు. ఫెయిర్‌బ్యాంక్స్‌కి తండ్రి పేరుంది. ఈయనకి ఆ ఊళ్లో వేషాలిప్పించే తండ్రి లేడు. ఆ ఏడే మూకీలోకి వచ్చాడు. 1931లో 'ఆలం ఆరా' వచ్చి తెరకి మాట పుట్టగానే, భాష రాని తారలకి గడ్డుకాలమైంది. హైదరాబాద్‌లో చదువుకున్నవాడికి ఉర్దూ కొత్తేముంది? మరుసటి ఏడే టాకీలో మాట్లాడాడు. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్ వంటి వీరుల వేషాలంటే ఆయనదే పేరు. 1956 నాటి 'హాతిమ్‌తాయ్' ఆయనే. దిలీప్‌కుమార్ రెండో సినిమా 'ప్రతిమ'కి దర్శకుడు ఆయనే. గాంధీ హత్య మీద ఫాక్స్ కంపెనీ 1963లో తీసిన 'నైన్ అవర్స్ టు రామా'లో జి.డి. బిర్లా వేషం వేశాడు. 1966లో ఎంజీఎం వాళ్ల 'మాయా'లో నటించాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. తెలుగువాళ్లలో ఆయనకంటే ముందు అది దక్కింది బి.ఎన్. రెడ్డి ఒక్కరికే.

ఈ వరసలో ఏ ఒక్కటి చేసినా ఒక ఊరు తరతరాలు చెప్పుకోవాలి. నాకు అడగాలనిపించింది గానీ, కత్తి తిప్పిన కుర్రాడే ముందు అడిగాడు.

"పేరేంది సార్?"

"మీరు శనివారం శనివారం పోయి యాడ కూసుంటరు?"

"రవీంద్రభారతిల సార్. పైన ప్రివ్యూ థియేటర్‌ల."

"దాని పూరా పేరు చెప్పు."

కుర్రాడు ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాడు. "పైడి... జైరాజ్... ప్రివ్యూ థియేటర్."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. బల్ల మీది బొమ్మకేసి చూస్తూ అన్నాడు.

"హాలు కట్టనీకి పైసలిచ్చినాయన పేరనుకున్నం సార్."