అసౌకర్య సంజీవని: ఒక సర్వర్ నోటీసుకు టీకా తాత్పర్యం

మూలం

“ప్రియమైన ఆటగాళ్లారా! మీకు మరింత మెరుగైన అనుభవాన్ని అందించే నిమిత్తం సర్వర్ నిర్వహణ జరుగుచున్నది. పనులు పూర్తయిన వెంటనే సేవలు పునరుద్ధరించబడును. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ సహనానికి ధన్యవాదములు.”

అవతారిక

ఈ వచనం ఏ ఆటలోదో చెప్పం. కర్త తన పేరు తానే దాచుకున్నప్పుడు వ్యాఖ్యాత బయటపెట్టడం మర్యాద కాదు. ఫోన్ తెర మీద వెలసింది. కింద ‘సరే’ అని ఒక మీట ఉంది. ‘కాదు’ అనే మీట లేదు. ఒప్పుకోవడం తప్ప పాఠకుడికి మరో గతి లేని గ్రంథాలు లోకంలో తక్కువ. అలాంటివాటికి వ్యాఖ్య అవసరం.

రాయడానికి మాకు అధికారం ఉందా అంటే, కొంత ఉంది. మేముండేది శామీర్‌పేట దాటాక వచ్చే తుర్కపల్లిలో. ఇక్కడి నుంచి మెదక్ వైపు పోతే కొల్చారం వస్తుంది. కాళిదాసు కావ్యాలు మూడింటికి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడికి జీవాతు రాసిన కోలాచల మల్లినాథ సూరిది ఆ ఊరే. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాణిని బతికిస్తానంటూ సంజీవని మొదలుపెట్టాడాయన. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ కూడా చేశాడు. అందులో మొదటి సగం మాకూ సమ్మతమే. రెండో సగం పాటిస్తే సర్వర్ తెరుచుకునేదాకా పొద్దుపోదు. ఇక పేరు సంగతి. వేదం వేంకటరాయ శాస్త్రి గారు ఆముక్తమాల్యదకు రాసిన వ్యాఖ్యకూ సంజీవని అనే పెట్టుకున్నారు. పేరు అరువు తెచ్చుకున్నవాళ్లలో మేము మొదటివాళ్లం కాము.

టీక

ప్రియమైన, ఆటగాళ్లారా, మీకు: స్పష్టం. 

మరింత మెరుగైన: నిన్నటి మెరుగు ఎంతో చెబితే ఇవాళ్టి ‘మరింత’ను కొలవవచ్చు. చెప్పలేదు కనుక ముందుకు పోదాం.

జరుగుచున్నది, పునరుద్ధరించబడును: గ్రంథమంతా ఈ రెండు క్రియల మీదే నిలబడి ఉంది. నిర్వహణ జరుగుతోంది, ఎవరూ చేయడం లేదు. సేవలు పునరుద్ధరించబడతాయి, ఎవరూ పునరుద్ధరించరు. తెలుగువాడి నోట ‘బడు’ అంత తేలిగ్గా రాదు. పాలు తాగబడ్డాయని ఏ ఇంట్లోనూ అనరు, పిల్లి తాగిందనే అంటారు. పిల్లిని కాపాడాలనుకున్నప్పుడు మాత్రమే పాలు తాగబడతాయి.

నైయాయికులను అడిగి చూద్దాం. కుండ కార్యం, దానికి కుమ్మరి కర్త. ప్రపంచమూ కార్యమే కాబట్టి దానికీ ఒక కర్త ఉండి తీరాలి. ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ దారిన పోయే ఈశ్వరుణ్ణి నిలబెట్టాడు. అదే అనుమాన ప్రమాణంతో మేమూ సర్వర్ ఆపినవాడు ఒకడు ఉండాలని తేల్చుకుని, సహాయ కేంద్రానికి ఉత్తరం రాశాం. మా అభిప్రాయం వారికి ఎంతో విలువైనదని యంత్రం జవాబిచ్చింది. ఉదయనుడికి ఈశ్వరుడు దొరికాడు. మాకు టికెట్ నంబరు దొరికింది.

మీమాంసకుల పద్ధతి ఇక్కడ ఇంకా బాగా కుదురుతుంది. వేదానికి కర్త లేడన్నారు వాళ్లు. మాటలో దోషం వచ్చేది మాట్లాడేవాడి వల్ల. వాడికి తెలియకపోవచ్చు, వాడు మోసం చేయదలచి ఉండవచ్చు. మాట్లాడేవాడే లేనప్పుడు దోషానికి చోటెక్కడిది? అపౌరుషేయం కనుక నిర్దోషం. ఈ నోటీసు రాసినవారు మీమాంసకుల సూత్రకర్త జైమినిని చదివారని మేమనుకోము. కానీ జైమిని సూత్రాల ఫలం ఇంత పూర్తిగా అనుభవించినవారు ఈ కాలంలో మరొకరు లేరు.

పూర్వపక్షం కూడా వినాలి కదా. సర్వర్లు ఆపక తప్పదంటారు. నిజమే. లక్షలమంది ఒకేసారి రాస్తున్న ఖాతాపుస్తకంలో గళ్లు మార్చాలంటే కాసేపు అందరి చేతుల్లోంచి కలాలు తీసుకోవాలి. సగం సర్వర్లు పాత కూర్పుతో, సగం కొత్త కూర్పుతో నడిస్తే ఒకడు కాల్చిన తూటా ఇంకొకడి లెక్కలో ఉండదు. ఆపినందుకు మాకు కోపం లేదు. ఆపినప్పుడు వాడే ‘నిర్వహణ’ అనే ఆ ఒక్క మాట కింద ఏదైనా దాక్కోవచ్చు, అదీ బాధ. 2011 ఏప్రిల్ 20న సోనీ వారి ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఆగిపోయింది. దాదాపు 7.7 కోట్ల ఖాతాల సమాచారం చోరులకు చిక్కి ఉండవచ్చన్న సంగతి 26న గానీ బయట పెట్టలేదు. మే నెల మధ్యలో సేవలు మళ్లీ మొదలయ్యాయి. ఆ మొదటి రోజుల్లో ఆటగాళ్లు ‘మరింత మెరుగైన అనుభవం’ కోసమే ఎదురుచూసి ఉంటారు.

మా ఊళ్లో ఈ ‘బడు’ ఎందుకు ఎక్కువ మండిస్తుందో చెప్పాలి. తుర్కపల్లి అంటే జీనోమ్ వ్యాలీ. పక్క గదుల్లో అద్దెకుండే పిల్లల్లో సగం మంది టీకాల, మందుల కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు. అక్కడ ఒక కోల్డ్ రూమ్ ఉష్ణోగ్రత కాసేపు గీత దాటితే డీవియేషన్ రైజ్ చేయాలి. ఎన్ని గంటలకు దాటింది, ఎవరు చూశారు, రూట్ కాజ్ ఏమిటి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారు, అన్నీ రాయాలి. చేసినవాడి సంతకం ఒకటి, సరిచూసినవాడి సంతకం ఇంకొకటి. ‘ఉష్ణోగ్రత పెరుగుట జరిగినది’ అని రాసి ఇస్తే నాణ్యత చూసే క్యూఏ వాళ్లు ఆ కాగితాన్ని మొహాన కొడతారు. ఎనిమిది గంటలు ఇలా ప్రతి నిమిషానికీ లెక్క చెప్పి వచ్చినవాడు, గదిలో చెప్పులు విడిచి ఫోన్ తెరిస్తే ఎదురయ్యేది కర్తా, కాలమూ, కారణమూ లేని నాలుగు వాక్యాలు. 

వెంటనే: పనులు పూర్తయితే సేవలు వస్తాయి. పనులు పూర్తయ్యాయని ఎలా తెలుస్తుంది? సేవలు వచ్చాయి కాబట్టి. దీన్ని తర్కంలో అన్యోన్యాశ్రయ దోషమంటారు. అయినా పాణిని వీరి పక్షాన ఒక సూత్రం వదిలిపెట్టాడు. వర్తమానానికి దగ్గరలో ఉన్నదాన్ని, అది గడిచిందైనా రాబోయేదైనా, వర్తమానంగానే చెప్పవచ్చని అష్టాధ్యాయి 3వ అధ్యాయంలో ఉంది. దగ్గర అంటే ఎంత దగ్గరో ఆయన గీత గీయలేదు. ఆ సందులో ఒక వ్యాపారమే నడుస్తోంది. 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైన ఫ్రీ ఫైర్, ఫ్రీ ఫైర్ ఇండియా పేరుతో 2023 సెప్టెంబరు 5న వస్తుందని చాటింపు వేశారు. సరిగ్గా ముందురోజు, ఇంకా మెరుగులు దిద్దుతున్నాం, కొన్ని వారాలు ఆగండి అన్నారు. ఆ వారాలు 2024నూ దాటిపోయాయి.

నిర్వహణ: ఈ మాట దగ్గర ప్రళయ విచారం చేయకుండా పోవడం వేదాంతం ముట్టుకున్నవాడికి సాధ్యం కాదు. ప్రళయం నాలుగు విధాలని ధర్మరాజాధ్వరీంద్రుడి వేదాంత పరిభాష. నిత్యం అంటే రోజూ పట్టే గాఢనిద్ర. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష క్రీడలో ప్రతిరోజూ గ్రీనిచ్ లెక్కన 11 గంటలకు, మనకు సాయంత్రం నాలుగున్నరకు, లోకం మొత్తం కళ్లు మూస్తుంది. చెప్పిన వేళకు మూస్తుంది, కాసేపటికి తెరుస్తుంది. నైమిత్తికం బ్రహ్మకు పగలు ముగిసినప్పుడు వచ్చేది. 2019 అక్టోబరు 13న ఫోర్ట్‌నైట్ దీవి యావత్తూ ఒక నల్లటి బిలంలోకి జారిపోయింది. 15వ తేదీ దాకా తెర మీద ఆ బిలం తప్ప ఏమీ లేదు. లక్షలమంది ఆ శూన్యాన్నే చూస్తూ కూర్చున్నారు. యోగులకు ఏళ్లు పట్టే పని అది. ప్రాకృతంలో సృష్టి తన మూలప్రకృతిలోకే కలిసిపోతుంది. 2010లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 14 తొలి రూపం బాగాలేదని, 2012 నవంబరు 11న ఆకాశం నుంచి ఎర్రటి గోళాన్ని కూల్చి సర్వర్లు ఆపేశారు. 2013 ఆగస్టు 27న మళ్లీ సృష్టి చేశారు. చేసిన లోకం బాగాలేదని ఒప్పుకుని ముంచేసిన సృష్టికర్త మా పురాణాల్లో మాకు తగల్లేదు. వారికి నమస్కారం. నాలుగోది ఆత్యంతికం. అది జ్ఞానం కలిగినవాడికి మాత్రమే, ఎవడిది వాడికే. ఒకసారి కలిగితే తిరిగి రావడం ఉండదు. వాడుక భాషలో అన్‌ఇన్‌స్టాల్ అంటారు. మేమింకా ముముక్షువులమే.

ఇంతకీ ఇక్కడ గమనించాల్సింది బ్రహ్మగారి పద్ధతి. ఆయన పగలు 432 కోట్ల మానవ సంవత్సరాలు, రాత్రీ అంతే. అంకె ముందే ప్రకటించారు. గడువును ఇంకో రెండు కోట్ల ఏళ్లు పొడిగించినట్టు ఏ పురాణంలోనూ లేదు. పైగా ఆ రాత్రి జీవులు తమ కర్మలతో సహా అణిగి ఉండి, తెల్లవారాక ఎవరి ఖాతా వారు అలాగే అందుకుంటారు. ఒక్కరి పుణ్యమూ కాలం చెల్లిపోదు. ఇక్కడ సర్వర్ పడుకుంటుంది గానీ సీజన్ గడియారం పడుకోదు. డబ్బు పోసి కొన్న పాసులో ఇవాళ్టి మిషన్ ఇవాళే ముగించాలి. వరసగా లాగిన్ అయిన రోజుల లెక్క తెగితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. తలుపు వాళ్లే మూసి, రాలేదని గైర్హాజరు వాళ్లే వేస్తారు. ఎవరైనా దీనికి సమాధానం చెప్పండి.

చింతిస్తున్నాము: చింతకూ చింతచెట్టుకూ శ్లేష కట్టవచ్చు. అది బడిపిల్లల పని, వదిలేశాం. కానీ చింత అనగానే మా వైపువాళ్లకు మూడు చింతలపల్లి గుర్తొస్తుంది. 2020 అక్టోబరు 29న నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ భూముల రిజిస్ట్రేషన్ల కోసం ధరణి పోర్టల్‌ను ఆ ఊళ్లోనే ప్రారంభించారు. అంతకుముందు సెప్టెంబరు 8 నుంచి రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్లు బంద్. సాగుభూములవి నవంబరు 2న మొదలయ్యాయి, ఇళ్లూ స్థలాలవి డిసెంబరు దాకా ఆగాయి. అదే సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. ముందే ఫోన్లలో ఉన్న పబ్జీ కొన్నాళ్లు నడిచి, అక్టోబరు 30న, అంటే ధరణి తెరుచుకున్న మర్నాడు, ఆగిపోయింది. తండ్రి పాస్‌బుక్ పట్టుకుని, కొడుకు ఫోన్ పట్టుకుని ఒకే అరుగు మీద కూర్చున్న కాలమది.

ఆ తరవాత కూడా ఇద్దరి భాషా కలిసే ఉంది. మండలాఫీసు దగ్గర వినపడే ‘సర్వర్ డౌన్’, కుర్రాళ్ల గదిలో వినపడే ‘సర్వర్ డౌన్’ ఒకే స్థాయిలో, ఒకే విసుగుతో వినపడతాయి. 2024 డిసెంబరు 12 సాయంత్రం నుంచి 16 ఉదయం దాకా డేటాబేస్ అప్‌గ్రేడ్ కోసం ధరణి ఆపుతున్నామని ముందే ప్రకటించారు. నిజం చెప్పాలంటే అది మంచి నోటీసు. మొదలూ చివరా కారణమూ ఉన్నాయి. చెప్పకుండా ఆగే రోజులతోనే పేచీ. స్లాట్ బుక్ చేసుకుని, ఇద్దరు సాక్షులకు ఆ రోజు కూలి తానే ఇస్తానని ఒప్పించి, ముసలి తల్లిని ఆటోలో ఎక్కించుకుని వచ్చినవాడికి ‘రేపు రాండ్రి’ అన్న జవాబు ఆట కాదు. ర్యాంకు పోయినవాడి బాధను దీని పక్కన పెట్టడం అన్యాయమే. పెట్టింది మేము కాదు, ఒకే నోటీసు ఇద్దరికీ పంపినవారు.

మీ సహనానికి ధన్యవాదములు: మేము సహించామని ఎవరు చెప్పారు? మళ్లీ మీమాంసకులే దిక్కు. వేదంలో పొగడ్తలు ఉత్త పొగడ్తలు కావనీ, పక్కనున్న ఆజ్ఞకు తోడుగా వస్తాయనీ, వాటిని అర్థవాదాలంటారనీ వాళ్ల సిద్ధాంతం. కృతజ్ఞత వేషంలో వచ్చిన ఈ వాక్యమూ ఆజ్ఞే. ధన్యవాదాలను తూకం వేసి ఇచ్చినవారూ ఉన్నారు. గెన్షిన్ ఇంపాక్ట్ ఆటలో కొత్త కూర్పు వచ్చే రోజు మన లెక్కన తెల్లవారుజామున మూడున్నరకు మొదలుపెట్టి అయిదు గంటలు పడుతుందని ముందే చెబుతారు. ఆగిన గంటకు 60 చొప్పున 300 ప్రైమోజెమ్‌లు టపాలో వేస్తారు. అదృష్టం ఒకసారి పరీక్షించుకోవడానికి 160 కావాలి గనుక రెండుసార్లకు 20 తక్కువ. ఆ 20 దగ్గర పిసినారితనం కనిపిస్తుంది, అయినా గంటకు ఒక ధర ఉందని ఒప్పుకున్నారు. మా నోటీసు వారి ఖజానాలో మాకు రావలసింది విశేషణాలే.

తాత్పర్యం

ఆగుండ్రి.

పాఠాంతరాలు

పూనాలోని భండార్కర్ సంస్థ పండితులు 1919 నుంచి 1966 దాకా కూర్చుని మహాభారతానికి ప్రతులు పోల్చి పరిష్కృత పాఠం నిర్ణయించారు. మా గ్రంథానికి ఒక్క పూటలోనే ప్రతులు పెరిగాయి. పొద్దుటి ప్రతిలో ‘వెంటనే’ అన్నచోట ‘మధ్యాహ్నం 2 గంటలకు’ అని ఉండేది. పొద్దుటి ‘ఏ’ షిఫ్టు దిగి పరుగున వచ్చిన ఒక కుర్రాడు, “రెండింటికి అన్నరు గద సార్, నేను తినకుంట కూసున్న” అంటూ ఫోన్ చూపిస్తుండగానే అది ‘సాయంత్రం 6’ అయింది. ఆరు దాటాక అంకె మొత్తంగా లేచిపోయి, పైన మేము మూలంగా స్వీకరించిన పాఠం స్థిరపడింది. ప్రతులు పోల్చేవాళ్లు తరవాత చేర్చిన పంక్తులను ప్రక్షిప్తాలని పక్కన పెడతారు. చెరిపేసిన అంకెను ఏమనాలో వారి గ్రంథాల్లో మాకు దొరకలేదు.

ఇది రాస్తుండగా తెర మారింది. ‘అప్‌డేట్’ అని మీట, పక్కన 1.8 జీబీ అని పరిమాణం. పక్క గదుల్లో పిల్లల ప్యాకులు రోజుకు ఒకటిన్నర జీబీవి. మిగిలిన మూడొందల ఎంబీ అర్ధరాత్రి దాటాక దిగాలి. అప్పటికి రాత్రి ‘సీ’ షిఫ్టు వాళ్లు డ్యూటీలో ఉంటారు.